సుడోకు వ్యాలిడేటర్: టెస్టులన్నీ పాస్, అయినా తప్పు బోర్డు దాటిపోతోంది

కూకట్‌పల్లి_కోట్లిన్:
బోర్డు 9×9, ఖాళీ గడికి 0. వ్యాలిడేటర్ (బోర్డు నియమాలకు తగ్గట్టుందో లేదో చూసే కోడ్) ట్రూ/ఫాల్స్ ఇస్తుంది. యూనిట్ టెస్టులు: ఫార్ములాతో నింపిన సరైన బోర్డు, అందులోనే పైనుంచి మూడో, నాలుగో వరసలు తారుమారు చేసిన బోర్డు, ఒకే వరసలో రెండు 5లు. లైన్ కవరేజీ (టెస్టుల్లో నడిచిన కోడ్ లైన్ల వాటా) 100 శాతం. కానీ ఆడేటప్పుడు ఒకే 3×3 బాక్సులో రెండు 7లు పెట్టినా ఊరుకుంటోంది. ఎక్కడ చూడాలి?

తొమ్మిదో_గడి:
బాక్సు నంబరు లెక్క చూడండి. (వరస / 3) * 3 + నిలువు / 3 ఉండాలి (వరస, నిలువు 0 నుంచి లెక్క). / (భాగఫలం) బదులు % (శేషం) పడితే, తొమ్మిది బాక్సుల్లోనూ ఒకే చోట ఉన్న గళ్లు ఒక గుంపవుతాయి. మీ ఫార్ములా (3 * (వరస % 3) + వరస / 3 + నిలువు) % 9 + 1 అయితే ఆ తప్పుడు గుంపుల్లోనూ 1 నుంచి 9 దాకా ఒక్కోసారే వస్తాయి, అందుకే పాస్. తారుమారు బోర్డుకు ఫాల్స్ వస్తోంది గానీ వేరే కారణంతో: ఆ తప్పుడు గుంపుల్లో అంకెలు రిపీట్ అవడం వల్ల. ట్రూ/ఫాల్స్ మానేసి, గొడవపడే గళ్ల జాబితా ఇచ్చేలా మార్చండి.

ఖాళీ బోర్డులో (0,0), (1,1) రెండింట్లో 7 పెట్టండి, తప్పనాలి. (0,0), (3,3)లో పెడితే సరేననాలి.

కూకట్‌పల్లి_కోట్లిన్:
% ఉంది అన్నా, మార్చేశా. గెలుపు చెక్‌లో వరస మొత్తం 45 అని చూస్తున్నాం. తెలుగు, ఉర్దూ అంకెల మోడ్‌లూ ఉన్నాయి. వాటికి?

బగ్గుల_వేట:
45 తీసేయండి. తొమ్మిది 5లు కలిపినా 45 కదా. లబ్ధం కలిపినా లాభం లేదు: 1, 2, 4, 4, 4, 5, 7, 9, 9 మొత్తం 45, లబ్ధం 362880, సరైన వరసకూ అంతే. సెట్ (ఒకే విలువను రెండుసార్లు ఉంచుకోని గుంపు) వాడండి.

అంకెల్లో క్యారెక్టర్ కోడ్ నుంచి ‘0’ కోడ్ తీసేసే పద్ధతి వద్దు. ‘౧’కి 3127 వస్తుంది, ఉర్దూ ఒకటికి 1729. రామానుజన్ సంఖ్యే, కానీ అర్రే ఇండెక్స్‌గా క్రాష్! కోట్లిన్‌లో అంకె క్యారెక్టర్‌ను సంఖ్యగా మార్చే డిజిట్‌టుఇంట్ వాడి, ఒకే వరసలో ‘౧’, ‘1’ పెట్టి తప్పంటుందో లేదో టెస్ట్ చేయండి.

తొమ్మిదో_గడి:
ఓపికుంటే గళ్ల జంటలన్నీ, 3240, ఒక్కో జంటలో ఒకే అంకె పెట్టి లూప్‌లో తిప్పండి. 810 జంటలు తప్పనాలి. లెక్క ఒక్కటే చూడొద్దు, % బగ్‌తోనూ సరిగ్గా 810 వస్తుంది. ఏ జంటో పోల్చాలి. పోల్చడానికి టెస్టులో అదే ఫార్ములా మళ్లీ రాస్తే అదే తప్పు దూరుతుంది, ఏ గడి ఏ బాక్సుదో చెప్పే 000111222 లాంటి తొమ్మిది లైన్ల మ్యాపు చేత్తో టైపు చేయండి.

మొదటి వరసలో 1 నుంచి 8, చివరి గడి ఖాళీ, అదే నిలువులో కింద 9 ఉన్న బోర్డును మాత్రం సరేననాలి. పరిష్కారం లేదని చెప్పడం సాల్వర్ (పజిల్‌ను పరిష్కరించే కోడ్) పని.