ఆడవాళ్లు థియేటర్‌కి రావడం మానేశారా, మనమే రాకుండా చేశామా?

మ్యాట్నీ:

పోయిన నెల ఒక కథా చర్చలో కూర్చున్నాను. నేను పదకొండేళ్లుగా సినిమా పబ్లిసిటీలో పనిచేస్తున్నాను. ఇద్దరు అక్కాచెల్లెళ్ల కథ అది. మధ్యతరగతి ఇల్లు, కడుపుబ్బ నవ్వించే సీన్లు. వినడం అయిపోగానే డబ్బు పెట్టేవాళ్ల తరఫున వచ్చినాయన లాప్‌టాప్ తిప్పి ఒక చార్ట్ చూపించారు. మొదటి మూడు రోజుల టికెట్లు ఎక్కువగా కొనేది ముప్ఫై లోపు మగపిల్లలే, కాబట్టి ఇది ఓటీటీకి ఇచ్చేద్దాం, థియేటర్‌లో ఆడదు అన్నారు. కథ ఎలా ఉందో ఒక్క మాట అనలేదు.

ఆ చార్ట్ ప్రేక్షకుల అభిరుచిని చెబుతోందా? లేక ఇన్నేళ్లూ మనం ఎవరి కోసం సినిమాలు తీశామో అదే మళ్లీ మనకు చూపిస్తోందా? రెండోదే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1960లలో అమెరికాలో కార్లలోనే కూర్చుని చూసే డ్రైవ్-ఇన్ థియేటర్లకు తక్కువ ఖర్చుతో సినిమాలు తీసిన అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ ఒక సూత్రం పెట్టుకుంది. పెద్దపిల్లలు చూసేవి చిన్నపిల్లలూ చూస్తారు, చిన్నపిల్లలవి పెద్దపిల్లలు చూడరు. అబ్బాయి చూసేది అమ్మాయీ చూస్తుంది, అమ్మాయి చూసేది అబ్బాయి చూడడు. అందుకని పంతొమ్మిదేళ్ల కుర్రాడికి నచ్చేలా తీస్తే అందరూ వస్తారు. దీనికి పీటర్ పాన్ సిండ్రోమ్ అని పేరు. హాలీవుడ్ ప్రేక్షకుల్ని మగ, ఆడ, పాతికేళ్ల లోపు, ఆపైన అని నాలుగు గుంపులు చేసి చూడటం కూడా అలవాటైపోయింది.

2008లో వచ్చిన ట్వైలైట్ కథ మొదట పారామౌంట్ అనే పెద్ద స్టూడియో చేతిలో ఉండేది. వాళ్లు వదిలేశారు. సమ్మిట్ అనే చిన్న సంస్థ సుమారు 3.7 కోట్ల డాలర్లతో తీస్తే అమెరికాలో మొదటి వారాంతానికే దాదాపు 7 కోట్ల డాలర్లు వచ్చాయి. టికెట్ కొన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. 2012లో హంగర్ గేమ్స్‌కి మొదటి వారాంతంలో 15 కోట్ల డాలర్లు దాటాయి. అమ్మాయి నడిపించే కథ అది, చూసినవాళ్లలో పదికి నలుగురు మగవాళ్లు. మరి అబ్బాయి చూడడన్న సూత్రం ఏమైనట్టు? 2023లో బార్బీ ప్రపంచం మొత్తం మీద 140 కోట్ల డాలర్లు దాటింది. ఆ సినిమాకి వచ్చిన ఆడవాళ్లంతా అంతకు ముందు వారం కూడా ఉన్నారు. వాళ్ల కోసం సినిమా లేదు, అంతే.

మా ఊరి థియేటర్‌లో లేడీస్‌కి వేరే బుకింగ్ కిటికీ ఉండేది. వంట ముగించుకుని మా అమ్మ, పక్కింటి అత్తయ్య, వాళ్ల తోడికోడలు మ్యాట్నీకి వెళ్లేవాళ్లు. ఆ కిటికీ ఇప్పుడు గోడలో కలిసిపోయింది. వీళ్లకి అభిరుచి మారిందని ఏ లెక్క చెప్పగలదు?

గోదావరి బయ్యర్:

మ్యాట్నీ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీ చార్ట్ ఆయన్ని విలన్‌ని చేయకండి. నేను ఈస్ట్‌లో, అంటే తూర్పు గోదావరి ఏరియాలో, థియేటర్లలో ఆడించడానికి ఇరవై రెండేళ్లుగా సినిమాలు కొంటున్నాను.

మినిమం గ్యారంటీ మీద, అంటే ఆడినా ఆడకపోయినా నిర్మాతకి ఇంత ఇస్తామని ఒప్పుకుని, సినిమా కొంటే డబ్బు ముందే కట్టాలి. అది నా డబ్బు కాదు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. థియేటర్ రెంట్ వారానికింత అని ఆగకుండా పడుతుంది. శుక్ర, శని, ఆదివారాల్లో రావలసింది రాకపోతే సోమవారం థియేటర్ నడిపే ఎగ్జిబిటర్ ఫోన్ చేసి వేరే సినిమా వేసుకుంటానంటాడు. ఆ మూడు రోజుల్లో వచ్చేది ఎవరు? కుర్రాళ్లే. ఆడవాళ్లు రారని నేను అనను. వాళ్లు టాక్ విని, పిల్లల పరీక్షలు చూసుకుని, ఇంట్లో వీలు చూసుకుని రెండో వారం వస్తారు. రెండో వారానికి బొమ్మ థియేటర్‌లో ఉండదు. నాలుగు వారాల్లో ఓటీటీలోకి వస్తుందని తెలిశాక ఆవిడ మాత్రం నలుగురికి టికెట్లు, పాప్‌కార్న్, ఆటో ఖర్చు ఎందుకు పెడుతుంది?

ఏడేళ్ల కింద మంచి కుటుంబ కథ అని నమ్మి ఒక సినిమా కొన్నాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. 18 లక్షలు పోయాయి. ఆ డబ్బు కట్టడానికి మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాం. కాబట్టి శంకరాభరణం పేరు మాత్రం దయచేసి ఎత్తకండి. 1980లో ఆ సినిమాకి మొదట కొనేవాళ్లు దొరకలేదు, తర్వాత హాళ్లు నిండాయి, నిజమే. అలాగే కొనేవాళ్లు దొరక్క, తర్వాత కూడా నిండక పోయినవి ఎన్నో. వాటి పేర్లు ఎవరికీ గుర్తుండవు.

లెక్కల మాస్టారు:

ఇద్దరికీ ఒక మాట. నేను పదేళ్లు సర్వే కంపెనీల్లో పనిచేశాను. లెక్క తప్పని నేను అనను, లెక్క దేన్ని కొలిచిందో చూడకుండా వాడటమే తప్పు.

ఆన్‌లైన్ టికెట్ ఎవరి ఫోన్‌లోంచి బుక్ అయితే వాళ్ల పేరే రికార్డులోకి వెళ్తుంది. ఇంట్లో నలుగురు వెళ్తారు. సినిమా ఎంచుకున్నది కూతురు, అడిగింది అమ్మ, బుక్ చేసింది అన్నయ్య. రికార్డులో నలుగురూ పాతికేళ్ల మగవాడే. సింగిల్ స్క్రీన్ కౌంటర్‌లో చింపి ఇచ్చే టికెట్ మీద వయసూ ఉండదు, ఆడా మగా ఉండదు. మ్యాట్నీ గారు చూసిన చార్ట్ దేని మీద కట్టారో అడగాల్సింది.

అమెరికాలో సినిమాస్కోర్ వాళ్లు విడుదల రోజు హాల్ దగ్గరే కార్డులు పంచి గ్రేడ్లు వేయిస్తారు. బాగా పనికొచ్చే పద్ధతే. కానీ ఆ రోజు వచ్చినవాళ్లనే అడుగుతారు. రానివాళ్లు ఎందుకు రాలేదో ఆ కార్డు చెప్పదు. దానికి వేరే పద్ధతి కావాలి, అదీ పాతదే. ఎన్నికల సర్వేలతో పేరు తెచ్చుకున్న జార్జ్ గాలప్ 1940లో ఆర్‌కేఓ స్టూడియో కోసం సర్వేలు మొదలుపెట్టాడు. ఇంకా తీయని సినిమా కథనీ పేరునీ జనం ముందు పెట్టి, ఇది వస్తే చూస్తారా అని అడిగించేవాడు. మన దగ్గర అలా అడిగించే ఖర్చు, ఒక పాటకి వేసే సెట్ ఖర్చుతో పోలిస్తే ఎంత?

ఇంకొకటి. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు వయసు, ఆడా మగా, ఉండే దేశం చూస్తే అభిరుచి తెలియదని ఏనాడో బయటికే చెప్పారు. ఏం చూశారు, ఎక్కడ ఆపేశారు అన్నదాన్ని బట్టి గుంపులు కడతారు. థియేటర్‌కి అంత సమాచారం లేదు, ఒప్పుకుంటాను. లేనప్పుడు ఉన్న కొద్ది సమాచారంతో తీర్పు చెప్పేయకూడదు.

సెకండ్ షో, అనంతపురం:

ఆ చార్ట్‌లో ఉన్న కుర్రాణ్ని నేనే. ఇరవై ఆరేళ్లు. బెనిఫిట్ షోలకి వెళ్తాను, పేపర్లు చల్లుతాను. అయినా నా గురించి మీరు రాసుకున్నది సగమే నిజం.

2009 సంక్రాంతికి అరుంధతి వచ్చినప్పుడు నేను చిన్నపిల్లాడిని. మా అమ్మ, పిన్ని, నేను కలిసి వెళ్లాం. హాల్లో ఆడవాళ్లు ఈలలు వేయడం అప్పుడే చూశాను. మా నాన్నని బలవంతంగా తీసుకెళ్లి రెండోసారి చూపించింది అమ్మే. సీడెడ్‌లో, అంటే మా రాయలసీమ ఏరియాలో, కత్తులూ సుమోలూ తప్ప ఇంకేం ఆడవు అంటారు కదా, అది వింటే కోపం వస్తుంది. ఆ పేరే 1800లో నిజాం ఈ జిల్లాల్ని ఈస్టిండియా కుంపిణీకి ఇచ్చేసినందుకు వచ్చింది. రెండు వందల ఏళ్ల నాటి గీత లోపల ఉన్నవాళ్లందరికీ ఒకే రుచి ఉంటుందా అన్నా?

మ్యాట్నీ:

బయ్యర్ గారూ, గాజుల మాట చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆడవాళ్లు రెండో వారం వస్తారు, అప్పటికి బొమ్మ ఉండదు అన్న మీ మాట నా వాదనలో లేదు. అది నిజం, నేను చూడలేదు. శంకరాభరణం కూడా ఎత్తను. గెలిచినవాటినే లెక్కపెట్టడం, వచ్చినవాళ్లనే లెక్కపెట్టడం రెండూ ఒకటే తప్పు, నేనూ అదే చేస్తూ వచ్చాను.

కానీ మీ మాటలోనే నా జవాబు కూడా ఉంది. ఆవిడకి సినిమా మీద ఇష్టం పోలేదు, మనం పెట్టిన మూడు రోజుల గడువు ఆవిడకి కుదరదు. ఆ గడువు లోపలి టికెట్లు లెక్కపెట్టి ఆవిడకి థియేటర్ అక్కర్లేదని రాస్తున్నాం. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ల కథ పక్కకి పోతుంది. మరుసటి ఏడు చార్ట్‌లో ఆవిడ ఇంకా తగ్గుతుంది.

మీ నష్టం మీద ప్రయోగాలు చేయమని అడగను. ఒక్క పని అడుగుతాను. గేటు దగ్గర టికెట్ చింపే అబ్బాయికి ఒక కాగితం ఇస్తే, ఏ ఆటకి ఎంతమంది ఆడవాళ్లు, ఎంతమంది పిల్లలు అని గీతలు పెట్టగలడా? మొదటి మూడు రోజులే కాదు, రెండో వారం బుధవారం మ్యాట్నీ దాకా.

లెక్కల మాస్టారు:

ఫారం నేను తయారుచేస్తాను. ఆడవాళ్లు విడిగా వచ్చారా, ఇంట్లోవాళ్లతో వచ్చారా అని కూడా ఒక గడి పెడదాం. ఒక్క సినిమాతో ఏమీ తేలదు, కనీసం ఎనిమిది పది సినిమాలకి రాయాలి.

గోదావరి బయ్యర్:

పండగ సినిమాకి వద్దు, ఆ తోపులాటలో ఎవరూ రాయలేరు. మామూలు వారాల్లో అయితే మా వాళ్లవి రెండు థియేటర్లు ఉన్నాయి, నేను మాట్లాడతాను. గేటు దగ్గర అబ్బాయికి ఆటకి యాభై ఇస్తే రాస్తాడు. మాస్టారూ, గడులు పెద్దవిగా పెట్టండి. వాడు చీకట్లో రాయాలి.