మొదటిసారి అద్దెకివ్వడానికి ఫ్లాట్ కొంటున్నాను, ఏం చూసుకోవాలి?

ప్రశ్న: అద్దెతోనే ఈఎంఐ గడిచిపోతుందని బ్రోకర్ అంటున్నాడు. ఆ ఒక్క లెక్క చాలా? అద్దెకు ఎవరొస్తారో అని కూడా టెన్షన్‌గా ఉందండి.

జవాబు 1: చాలదండీ. ఒక్క నెల ఖాళీగా ఉన్నా ఏడాది అద్దెలో 8 శాతానికి పైగా పోతుంది. నేనైతే 10 నెలల అద్దెనే రాబడి అనుకుంటాను. అందులోంచి మెయింటెనెన్స్, పన్ను, బీమా, రంగులు, రిపేర్లు తీసేసి, మిగిలినదాన్ని ఈఎంఐతో పోల్చి చూస్తాను. వడ్డీ మారే లోన్ అయితే, రేటు 2 శాతం పెరిగినా కట్టగలరా చూసుకోండి. ఆరు నెలల ఈఎంఐ చేతిలో లేకపోతే మాత్రం దయచేసి తొందరపడొద్దు.

జవాబు 2: అద్దెకొచ్చేవాళ్ల గురించి, వాళ్లు ఇప్పుడుంటున్న ఇంటి ఓనర్‌ని కాదు, అంతకుముందు ఉన్న ఇంటి ఓనర్‌ని అడగండి. ఇప్పటి ఓనర్‌కి వాళ్లు ఖాళీ చేస్తే చాలనిపిస్తే, మంచిగానే చెబుతాడు కదా! తాళాలిచ్చే రోజు ఇద్దరూ కలిసి గదిగదీ తిరిగి వీడియో తీయండి. కుళాయిలు, స్విచ్‌లు, గోడలు, కరెంటు మీటర్ రీడింగ్, అన్నీ అందులో ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. అడ్వాన్స్ వేరే ఖాతాలో ఉంచండి, అది వాళ్ల డబ్బు.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్ అండి. ఫ్లాట్ చూడటానికి ఈ ఆదివారం వెళ్తున్నా.

జవాబు 1: వీలైతే వాన పడిన మర్నాడు కూడా వెళ్లండి. బాత్రూమ్ పైకప్పు, కిటికీల చుట్టూ చెమ్మ ఉందేమో చూడండి. కొత్తగా రంగు వేసి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి.