పామంటే పురుగు, పురుగంటే పాము: మల్లె తొట్టిలో దొరికిన జీవికి పేరేంటి?

సభ్యులందరికీ నమస్కారం. మాది కడప. పోయిన ఆదివారం మా పెరట్లో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పి, దాని చుట్టూ ఉన్న మాటల గురించి మీతో మాట్లాడాలని రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

రెండు రోజులు వాన పడి నేల మెత్తబడింది. మల్లె తొట్టి పగుళ్లిచ్చింది కదా, చెట్టును నేలలోకి మార్చేద్దామని నేనూ మా అబ్బాయీ కూర్చున్నాం. తొట్టిని పక్కకు వంచి మట్టిగడ్డను లాగితే వేళ్ల మధ్య నుంచి నల్లగా, నిగనిగలాడుతూ ఒకటి జారి కింద పడింది. "అమ్మా, వానపాము!" అన్నాడు వాడు. నేనూ అదే అనుకున్నాను. తీసి పక్కన వేద్దామని పట్టుకుంటే నా చూపుడు వేలికి చుట్టుకుంది. వానపాము వేలికి చుట్టుకోదు. పైగా చేతికి తడి లేదు, జిగట లేదు. నూనె రాసిన దారంలా జారిపోతోంది.

లోపలికెళ్లి తెల్ల పింగాణీ ప్లేటు తెచ్చాను. అదే తొట్టిలో అసలు వానపాము ఒకటి దొరికితే దాన్నీ పక్కనే వేశాం. అప్పుడు తేడా తెలిసింది. వానపాము ఒళ్లంతా ఉంగరాలు పేర్చినట్టు గీతలు, ఒకచోట లేతరంగు పట్టీ, ప్లేటు మీద బురద చార. సాగుతుంది, ముడుచుకుంటుంది, మళ్లీ సాగుతుంది. ఇదేమో బాల్‌పెన్ రీఫిల్ అంత పొడవు, దానికన్నా రవ్వంత లావు, గీతల్లేవు. మట్టిలోంచి వచ్చినా ఒంటికి మట్టి అంటలేదు. ఎడమకీ కుడికీ మెలికలు తిరుగుతూ ప్లేటు మీద పట్టు దొరక్క కొట్టుకుంటోంది. మా అబ్బాయి భూతద్దం పెట్టి చూసి, "అమ్మా, పొలుసులున్నాయి. నాలిక బయటపెడుతోంది" అన్నాడు. నేను చూసేసరికి ఆ నాలిక రెండోసారి బయటికొచ్చి లోపలికి పోయింది. వెంట్రుకంత ఉంది. తల ఏ వైపుందో తెలిసింది ఆ నాలిక వల్లే. రెండు కొసలూ ఒకేలా మొద్దుగా ఉన్నాయి. తల దగ్గర పొలుసుల కింద చుక్కల్లా రెండు మచ్చలు, అవే కళ్లు. వెలుగూ చీకటీ తప్ప ఆ కళ్లకు ఇంకేం తెలియదట.

అది గుడ్డిపాము. నిజమైన పామే. విషం లేదు, మనిషిని కరిచేంత నోరూ లేదు. చీమల, చెదల గుడ్లూ పిల్లలూ తిని బతుకుతుంది. తోక చివర చిన్న ముల్లు ఉంటుంది, దాన్ని మట్టిలో దిగేసి ముందుకు తోసుకుంటుంది. పట్టుకుంటే ఆ ముల్లే వేలికి సన్నగా తగులుతుంది, అది చూసి కరిచిందనుకుంటారు.

ఇంతలో మా అత్త వరండాలోంచి కేకేసింది. "ఏందమ్మా అది?"

"పాము అత్తా. చిన్నది, ఏం చేయదు."

"పొద్దుగూకేటప్పుడు ఆ మాట అనగాకమ్మా. పురుగు అను."

మా అబ్బాయి ప్లేటు మీది నుంచి తలెత్తాడు. "జేజీ, పురుగునేమో వానపాము అంటాం. నిజం పామునేమో పురుగు అనమంటావు. మరి ఏది ఏదని ఎట్ల తెలుస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఈ నాలుగు రోజులుగా ఆ ప్రశ్నే నమిలాను.

మొదట పురుగు సంగతి. మా పక్క పల్లెల్లో పాము కరిస్తే "పురుగు ముట్టింది" అంటారు. పేరెత్తితే వస్తుందన్న భయం. తెలుగులో ఇట్లాంటివి చాలా ఉన్నాయి. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. ఒంటి మీద పొక్కులొస్తే అమ్మవారు పోసిందంటాం. ఇది ఆ వరసలోదే. "పురుగూ పుట్రా ఉంటాయి, చెప్పులేసుకుని పో" అని మా అత్త అనేటప్పుడు ఆ పురుగు పామేనని ఇంట్లో అందరికీ తెలుసు. పుట్ర అన్న మాటను విడిగా ఎవరూ వాడరు, పురుగుకో పాముకో తోడుగానే వస్తుంది.

ఇక పాము సంగతి. తెలుగులో పాము కానివాటికి పాము అని పేరు పెట్టిన తీరు చూడండి: వానపాము, కడుపులో ఉండే ఏలికపాము, చేపల జాతి మలుగుపాము. మరి అసలు పాముల్లో కొన్నిటికి ఆ మాటే అక్కర్లేదు: జెర్రిపోతు, కొండచిలువ, నీరుకట్టె, రక్తపింజరి. అందులో జెర్రిపోతుకైతే జెర్రి పేరే పెట్టారు. నాగుపాము, కట్లపాము లాంటివి లేవని కాదు. కానీ మన భాషలో పాము అనేది ముందు ఒక ఆకారం, ఆ తర్వాతే ఒక జంతువు అని నాకు గట్టిగా అనిపిస్తోంది. సన్నగా, పొడుగ్గా, కాళ్లు లేకుండా, మెలికలు తిరిగితే చాలు.

చుట్టుపక్కల భాషల్లో ఇలా లేదు. కన్నడంలో వానపామును ఎరెహుళు అంటారు, తమిళంలో మణ్‌పుళు. రెండింటిలోనూ ఉన్నది పురుగే. మన పురుగు పాత రూపం పురువు. తమిళ పుళు, కన్నడ హుళు దానికి అక్కచెల్లెళ్లు. మలయాళంలో మణ్ణిర, అంటే మట్టిలోని ఎర. మనకూ గాలానికి గుచ్చే ఎర ఉంది, వానపాములను ఎర్రలు అనే ఊళ్లూ ఉన్నాయి. సంస్కృతం మాత్రం మన పక్షమే, భూనాగం అంది. అమరకోశంలో ఇంకో పేరుంది, మహీలత, నేలలో పాకే తీగ. వానపాముకు అంతకన్నా అందమైన పేరు నేను వినలేదు.

ఇది ఒట్టి సరదా చర్చ అనుకోవద్దు. కొన్నేళ్ల కిందట మా చిన్నాన్నకు వేరుశనక్కాయ చేలో కాలికి కాటు పడింది. ఆస్పత్రికి తీసుకెళ్లిన ముసలాయన చీటీ రాసే దగ్గర "పురుగు ముట్టింది సామీ" అన్నాడు. అక్కడున్న పిల్లవాడు వేరే ప్రాంతం నుంచి వచ్చినవాడు, చీటీ మీద పురుగు కాటు అని రాసి బెంచీ మీద కూర్చోమన్నాడు. చిన్నాన్న కనురెప్పలు వాలిపోతుంటే మా తమ్ముడు వెనకనుంచి పరిగెత్తుకొచ్చి "నాగుపామయ్యా!" అని అరిచాకే సూది మందు మొదలైంది. బతికాడు. ఆ బెంచీ మీద గడిచిన సేపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షనే. ఇంట్లో ఏమన్నా అనుకోండి, ఆస్పత్రి గడప దగ్గర మాత్రం పాము అనే చెప్పండి. పెద్దవాళ్లకు ఈ ఒక్కటీ నేర్పండి.

మళ్లీ మన జీవి దగ్గరికి. గుడ్డిపాముకు తెలుగులో ఇంకో పాత పేరుంది, అది పరదేశపు అచ్చులో ఉంది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉన్నప్పుడు పాములను సేకరించి, బొమ్మలు గీయించి, 1796లో లండన్‌లో పుస్తకం వేశాడు. పాముల పేర్లు స్థానికులను అడిగి, విన్నది విన్నట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు. 43వ బొమ్మ మన గుడ్డిపాముది. దాని కింద ఆయన రాసుకున్న పేరు "రోందూ తాలూలూ పామ్". పైకి చదివి చూడండి. రెండు తలల పాము! ఆయన చెవిలో పడిన తెలుగు, రెండు వందల ఏళ్లు దాటినా అట్లాగే వినిపిస్తుంది. ఆ బొమ్మనే ఆధారం చేసుకుని 1803లో ఫ్రాన్సు శాస్త్రవేత్త దోదాఁ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. కట్లపాముల జాతికి "బుంగారస్" అన్న పేరు కూడా రస్సెల్ రాసుకున్న "బుంగారుం" నుంచే వచ్చింది, అంటే మన బంగారమే.

అయినా నా ఓటు గుడ్డిపాముకే. రెండు తలల పాము అంటే ఇవాళ అందరికీ గుర్తొచ్చేది ఇసుకలో ఉండే లావుపాటి ఎర్ర పాము, అది వేరే జాతి. లక్షలు పలుకుతుందని, అదృష్టం తెస్తుందని నమ్మించి దాన్ని పట్టి అమ్మే ముఠాలున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఆ పేరు ఈ చిన్న ప్రాణికి తగిలిస్తే దీని పని కూడా అయిపోతుంది.

ఇంకో మాట. "చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైనయట్లు" అన్న సుమతీ శతకం పద్యం మనందరికీ నోటికొచ్చు. చిన్నప్పుడు అందులోని పామును పడగ విప్పిన నాగుపాముగానే ఊహించుకున్నాను. కానీ చీమల ఇంట్లోనే దూరి, అక్కడి గుడ్లే తింటూ బతికేది ఈ రీఫిలంత గుడ్డిపాము. శతకకారుడి మనసులో ఏ పాముందో గానీ, ఇకమీదట ఆ పద్యం చదివితే నాకు మాత్రం ఇదే కనిపిస్తుంది.

సోమవారం రాత్రి చేరుస్తున్నది. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు.

రాయచోటి అక్కకు: మీరన్నట్టు అది చెవిలో దూరుతుందని మా ఇంటి దగ్గరా చెప్పుకుంటారు. దానికి కావలసింది చీమల గుడ్లు, తడి మట్టి. నేల బాగా నానినప్పుడు బయటికొచ్చి బాత్రూం మూలల్లో కనిపిస్తుంది, అందుకని భయపడతాం. చీపురుతో చేటలోకి తోసి చెట్టు మొదట్లో వదిలేయండి, ఉప్పు చల్లవద్దు, దయచేసి.

నంద్యాల మాస్టారికి: సార్, పామును చక్షుశ్రవం అంటారని మీరు గుర్తుచేయడం చాలా బాగుంది. కళ్లతో వినేదని అర్థం గనక, చూపే సరిగా లేని దీనికి ఆ పేరు ఎట్లా పొసుగుతుందన్న మీ సందేహం న్యాయమైనదే. పాముకు బయటి చెవి లేకపోవడం చూసి పెట్టిన పేరది. నేలలో పుట్టే అదురు ఒంటికి తెలుస్తుంది, గుడ్డిపాముకూ అంతే. పార దించిన చోటు నుంచి అది ఎంత వేగంగా పారిపోతుందో చూస్తే నమ్ముతారు.

మదనపల్లె తమ్ముడికి: మగదాన్ని ఏమంటారని అడిగావు. మగది లేదు నాయనా! ఈ జాతిలో దొరికినవన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది, పిల్లలన్నీ మళ్లీ ఆడపిల్లలే. జెర్రిపోతును చూడు, దానికి పేరులోనే పోతు ఉంది. ఆ పోతు అన్న మాట పట్టుకునే కాబోలు, అది నాగుపాముకు మగడని ఊళ్లలో కథ పుట్టింది, ఆ జాతిలో ఆడవీ ఉన్నా సరే. దీనికేమో పోతు అన్న మాట ఎప్పటికీ అతకదు. ఒక్కటి మట్టిలో కలిసి ఎక్కడికెళ్లినా అక్కడ సంసారం మొదలవుతుంది. అందుకే పూలతొట్ల మట్టితో పాటు ఓడలెక్కి ప్రపంచమంతా పాకింది, ఇంగ్లిష్‌లో దాన్ని పూలకుండీ పాము అనే పిలుస్తారు. మా మల్లె తొట్టి కూడా కడియం మొక్కలని చెప్పి బండి మీద అమ్మిన అబ్బాయి దగ్గర కొన్నదే. గోదావరి మట్టిలో వచ్చిందో, కడప మట్టిలోనే పుట్టిందో మరి.

దాన్ని అదే సాయంత్రం కరివేపాకు చెట్టు కింద వదిలాం. ప్లేటు వంచగానే తల మట్టికి ఆనించి, తోక ముల్లు ఒక్కసారి అదిమి, లోపలికెళ్లిపోయింది. మా అత్త దగ్గరికొచ్చి వంగి చూసింది, ఏమీ అనలేదు. నిన్న పొద్దున పూలు కోస్తూ, "మా ఊళ్లో దీన్ని వేరే ఏదో అంటుండ్రి, పేరు నాలిక మీదుంది, రాలేదు" అంది. ఆమెది జమ్మలమడుగు పక్క పల్లె, నల్లరేగడి నేల. అటువైపు వాళ్లెవరైనా గ్రూపులో ఉంటే, మీ అవ్వల్నీ జేజెల్నీ ఒకసారి అడిగి రాయండి.