అప్‌డేట్: నత్తగుల్ల కొంగ వ్యాసంలో నేను రాసింది ఎందుకు తీసేశారో తెలిసింది

నత్తగుల్ల కొంగ (ఆసియా ఓపెన్‌బిల్) గురించి వికీపీడియా వ్యాసంలో నేను చేర్చిన పేరా రెండుసార్లు రద్దయిందని, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనికొచ్చింది "ముందు చర్చ పేజీలో (వ్యాసం గురించి రాసేవాళ్లు మాట్లాడుకునే పేజీ) అడుగు" అన్న సలహా. అడిగితే తీసేసినవారే ఓపికగా చెప్పారు. ముక్కు మధ్య సందులో నత్తను పెట్టి, అడకత్తెరలో పోకచెక్కలా నొక్కి పగలగొడుతుందని రాశాను. బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ అభిప్రాయం అదే. కానీ తర్వాతి పరిశీలనలు దాన్ని కొట్టేశాయి. కొంగ కింది ముక్కు కొనను గుల్లలోకి దూర్చి, గుల్లకు అతుక్కున్న కండరాన్ని తెంపి, మాంసం బయటికి లాగుతుంది. గుల్ల చాలాసార్లు పగలదు కూడా! కొంగ పిల్లలకు అసలు ముక్కులో ఆ సందే ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. ఈ సంగతి చదివినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పాత అభిప్రాయాన్ని పాతదిగానే చెబుతూ, ప్రతి వాక్యానికీ మూలం ఇచ్చి తిరగరాశాను. ఈసారి నిలిచింది.

ఫొటో కూడా మార్చాం. అందులో ఒళ్లంతా నల్లగా ఉన్నది ఆఫ్రికా ఓపెన్‌బిల్. మనది తెలుపు లేదా బూడిద రంగు, రెక్కలూ తోకా మాత్రమే నలుపు.

కొందరు అనుమానించినట్టు నాది కొత్త ఖాతా కావడం, సమాచారపెట్టెలో (వ్యాసం పక్కన ముఖ్య వివరాలుండే పెట్టె) పొరపాటు, ఈ రెండిటికీ రద్దుతో సంబంధం లేదు.

గూళ్ల విభాగం ఇంకా చిన్నగానే ఉంది, ఈ వారం దాని మీద కూర్చుంటున్నాను.