వాన పడతాదని తెలిసి తెలిసీ స్లాబ్ వెయ్యొచ్చా?

ఇల్లు కడుతున్నా, పాలకొండ: ఆదివారం స్లాబ్ ముహూర్తం. సెంట్రింగు, ఇనుము అంతా అయిపోయింది, వారం నుంచి సాయంత్రమైతే చాలు వాన దంచేస్తోంది. వాన స్లాబ్‌కి మంచిదే, నీళ్లు కొట్టే పని తప్పుద్ది అంటన్నాడు మా మేస్త్రి. వాయిదా వేస్తే సెంట్రింగ్ అద్దె పెరుగుద్ది. ఏటి చెయ్యమంటారు?

తాపీ మేస్త్రి, రాజాం: మీ మేస్త్రి మాట కొట్టిపారెయ్యకండి బాబూ. పొద్దున్నే మొదలెట్టి మధ్యాహ్నానికి ముగించేస్తే సాయంత్రం వాన ఏం చెయ్యదు. మబ్బు పట్టినప్పుడల్లా పని ఆపుకుంటే మన వైపు జూన్ నుంచి అక్టోబర్ దాకా కూలోళ్లు ఏటి తింటారు?

సైట్ ఇంజినీర్, విజయనగరం: గట్టిపడ్డాక పడే వాన మంచిదే మేస్త్రి గారూ, కాదనను. పచ్చిగా ఉన్నప్పుడు పడ్డదే ముంచుద్ది, పైన సిమెంట్ పాలు కొట్టుకుపోయి ఇసుక తేలిపోద్ది. అయినా నా భయం పైనుంచి పడే వాన గురించి కన్నా తడిసిన ఇసుక గురించే ఎక్కువ. 50 కిలోల సిమెంట్ బస్తాకి 25 లీటర్ల నీళ్లు అనుకుందాం, ఆ బస్తాకి పడే ఇసుక 75 కిలోలైతే, అందులో 5 శాతం తడి ఉంటే దగ్గర దగ్గర 4 లీటర్లు ఇసుకతోనే వచ్చేసాయి, అది తగ్గించకుండా రోజూ పోసే బకెట్ లెక్కనే పోసేస్తే చుక్క వాన పడకుండానే కాంక్రీటు మాల్ పల్చనైపోయి బలం పోద్ది. ఇసుక గుట్ట మీద ఈరోజే బరకం కప్పండి.

ఇల్లు కట్టినవాణ్ని, బొబ్బిలి: మా స్లాబ్ ఒక మూల వేసిన గంటకే వాన పట్టుకుంది. పొడి సిమెంట్ చల్లి బద్దతో రుద్దేసారు, అప్పుడు అద్దంలా ఉంది, రెండేళ్లకి పొట్టులా లేచిపోయింది. ఇప్పటికీ ఆ మూలే చెమ్మ. అద్దెకి చూసుకోకండి, వాయిదా వెయ్యండి.

తాపీ మేస్త్రి, రాజాం: పొడి సిమెంట్ చల్లడం తప్పే, నేనూ ఒప్పుకుంటాను. నిలిచిన నీళ్లు మెల్లగా తోసెయ్యాలి గానీ లోపలికి రుద్దకూడదు. అంతమాత్రానికి ముహూర్తం మార్చక్కర్లేదు, వెదుర్లు కట్టి బరకాలు సిద్ధంగా పెట్టుకోండి.

సైట్ ఇంజినీర్, విజయనగరం: మధ్యలో ఆపాల్సొస్తే దూలం దగ్గర ఆపకండి, దూలానికీ దూలానికీ నడిమధ్యలో బద్ద అడ్డం పెట్టి నిటారుగా ఆపండి. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటైతే కనీసం 10 రోజులు తడి ఆరకూడదు, వాన పడిందిలే అని వదిలేస్తే మర్నాటి ఎండకి బీటలే. శనివారం రాత్రి కూడా వాన తగ్గకపోతే మాత్రం నేనైతే వెయ్యను.

ఇల్లు కడుతున్నా, పాలకొండ: ఇసుక కప్పించేసాను. నాన్నగారు ముహూర్తం వదలనంటన్నారు, అందుకని తెల్లారి 5కే మొదలెట్టమని మాల్ కలిపే మిల్లర్ ఇంకోటి కూడా చెప్పాను. ధాన్యం కప్పే బరకాలు ఆరున్నాయి, స్లాబ్ 900 అడుగులు, సరిపోతాయా?