వ్లాస్తిమిల్ హోర్ట్‌ను ఓడించింది ఆయన ఔదార్యమేనా?

ప్రశ్న (నల్లబంటు):
చెక్ చెస్ గ్రాండ్‌మాస్టర్ వ్లాస్తిమిల్ హోర్ట్ గురించి ఎక్కడ చదివినా, 1977లో రేక్యావిక్‌లో మాజీ ప్రపంచ ఛాంపియన్ బోరిస్ స్పాస్కీతో ఆడిన క్యాండిడేట్స్ (ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే పోటీ) క్వార్టర్ ఫైనల్ ప్రస్తావనే ముందుకొస్తుంది. జబ్బుపడిన ప్రత్యర్థి కోసం తన వాయిదాలను (ఆటను మరో రోజుకు జరుపుకునే అవకాశాలను) వదులుకుని, చివరికి ఆయన చేతిలోనే ఓడిపోయారంటారు. ప్రపంచ టైటిల్ దక్కకపోవడానికి ఇదే కారణమా? ఆ మ్యాచ్‌ను పక్కనపెడితే ఆయన స్థాయి ఎలాంటిది?

జవాబు (ఏడోగడి):
వాయిదాల సంగతి నిజమే. మ్యాచ్ మధ్యలో స్పాస్కీకి అపెండిసైటిస్ వచ్చి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. తన వంతు వాయిదాలు అయిపోయిన తరువాత కూడా ఆయన కోలుకోలేదు కాబట్టి, హోర్ట్ తన వాయిదాలను వాడి ఆటను నిలిపించారు. కానీ ఓటమికి కారణం వేరు. పోరు అదనపు ఆటలకు వెళ్లాక, పదిహేనో ఆటలో గెలుపు స్థితిలో ఉండి కూడా హోర్ట్ గడియారంలో సమయం అయిపోయి ఓడిపోయారు. తుది స్కోరు 8½–7½. గెలిచి ఉన్నా సెమీఫైనల్‌లో పోర్టిష్, ఫైనల్‌లో కోర్చ్‌నోయ్, ఆపైన ప్రపంచ ఛాంపియన్ కార్పోవ్ మిగిలే ఉన్నారు.

జవాబు (మంత్రిదారి):
ఆయన స్థాయికి 1970 బెల్‌గ్రేడ్ చక్కని కొలమానం. సోవియట్ యూనియన్‌తో మిగతా ప్రపంచం తలపడినప్పుడు, నాలుగో బోర్డుపై సోవియట్ ఆటగాడు పోలుగయెవ్‌స్కీని ఆయన 2½–1½తో ఓడించారు. 1944లో క్లాద్నోలో పుట్టి 1965లో గ్రాండ్‌మాస్టరై, చెకోస్లోవాకియా టైటిల్‌ను ఐదుసార్లు గెలిచారు. నిజమైన దురదృష్టం 1967 సూస్ ఇంటర్‌జోనల్ అని నా అభిప్రాయం: క్యాండిడేట్స్‌కు అర్హత ఇచ్చే చివరి స్థానం కోసం రెషెవ్‌స్కీ, స్టైన్‌లతో సమానంగా నిలిచి, మరుసటి ఏడాది లాస్ ఏంజెలిస్‌లో ఆడిన ప్లేఆఫ్‌లోనూ ముగ్గురూ మళ్లీ సమానం కావడంతో, టైబ్రేక్ లెక్కన రెషెవ్‌స్కీ ముందుకెళ్లారు. 1968 సోవియట్ దండయాత్ర తరువాత సహ ఆటగాళ్లలో కవాలెక్ దేశం విడిచారు, పాహ్‌మన్ జైలుపాలై 1972లో పశ్చిమ జర్మనీకి వెళ్లారు. చెకోస్లోవాకియా జట్టు భారం హోర్ట్, స్మేకల్‌ల మీద పడింది. 1982 లూసర్న్ చెస్ ఒలింపియాడ్‌లో ఆ జట్టు రజతం గెలిచింది. 1985లో హోర్ట్ కూడా పశ్చిమ జర్మనీ చేరి, అక్కడ 1987, 1989, 1991లలో జాతీయ ఛాంపియన్ అయ్యారు.

జవాబు (రెండోగుర్రం):
ఏడోగడి గారి వాదన సగమే సరైనది. హోర్ట్ ఊరుకుని ఉంటే స్పాస్కీ తప్పుకోవలసి వచ్చేది, హోర్ట్ మరో ఎత్తు వేయకుండానే సెమీఫైనల్‌కు చేరేవారు. ఆ లెక్కన ఔదార్యానికి మూల్యం చెల్లించినట్టే. అయితే అదే ఏడాది ఆయన చేసిన మరో పని ఈ కథల్లో పెద్దగా కనిపించదు: అదే ఐస్‌లాండ్‌లో 550 మందితో, ఒక దశలో ఒకేసారి 201 మందితో ఆడి, పది ఆటలు మాత్రమే ఓడిపోయారు.