కమ్యూనిటీ రేడియో స్టూడియో: మైకులో గుయ్‌మనే శబ్దం, స్వచ్ఛంద కార్యకర్తలు చేయదగిన పనులు

ప్రశ్న: సభ్యులందరికీ నమస్కారం. మా కమ్యూనిటీ రేడియో కేంద్రానికి స్టూడియో సిద్ధం చేసే పనిలో ఎనిమిది మంది స్వచ్ఛంద కార్యకర్తలం ఉన్నాము. ఎలక్ట్రానిక్స్ తెలిసినవారు మాలో ఒక్కరే. మైకులు, మిక్సర్, ల్యాప్‌టాప్ కలిపిన తరువాత రికార్డింగులో గుయ్‌మనే శబ్దం ఎడతెగకుండా వినిపిస్తోంది. గదిలో మాట కూడా మారుమోగుతోంది. త్వరలో ట్రాన్స్‌మిటర్ రానుంది కనుక, ఏ పనులు మేము చేసుకోవచ్చో, ఏవి నిపుణులకు వదిలివేయాలో దయచేసి తెలియజేయగలరు.

మొదటి సమాధానం: ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ శబ్దాన్ని వింటూ, ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను తీసివేసి బ్యాటరీ మీద నడపండి. అప్పుడు శబ్దం ఆగితే, అది చాలావరకు గ్రౌండ్ లూప్ వల్ల వస్తున్నదే. అంటే రెండు పరికరాలు వేర్వేరు దారుల్లో ఎర్త్‌కు కలిసి ఉండడం వల్ల, ఆడియో కేబుల్ షీల్డు (లోపలి తీగలను చుట్టి ఉండే లోహపు పొర) గుండా కూడా కొద్దిపాటి కరెంటు ప్రవహిస్తోందన్నమాట. మిక్సర్‌నూ ల్యాప్‌టాప్‌నూ ఒకే పవర్ స్ట్రిప్‌కు కలపండి. అప్పటికీ తగ్గకపోతే ఆ రెండింటి మధ్య ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగలు నేరుగా కలవకుండా ధ్వని సిగ్నలును మాత్రం దాటించే చిన్న పరికరం) పెట్టండి. ఛార్జర్ తీసినా శబ్దం ఆగకపోతే మైకు కేబుళ్లను ఒక్కొక్కటిగా తీసి చూడండి. ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టరులో (మైకు కేబుల్ చివర ఉండే మూడు పిన్నుల ప్లగ్గులో) 1వ పిన్ను షీల్డుకు, 2, 3 పిన్నులు సిగ్నలుకు ఉంటాయి. 1వ పిన్ను దగ్గర సోల్డరింగ్ ఊడినా ఇటువంటి శబ్దమే వస్తుంది. కరెంటు తీగల పక్కనే మైకు కేబుళ్లను పొడవునా పరచకండి. దాటించక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

రెండవ సమాధానం: గది సంగతి నేను చెబుతాను. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టండి. వెనువెంటనే టరటరమనే తోక వినిపిస్తే, ఎదురెదురుగా ఉన్న రెండు ఉత్త గోడల మధ్య ధ్వని అటూ ఇటూ పరుగెడుతోందని అర్థం. ఒక గోడకైనా సుమారు 5 నుంచి 10 సెంటీమీటర్ల మందం గల రాక్‌ఉల్ (రాతి నార) పలకలను చెక్క చట్రంలో అమర్చి, పైన గాలి ఆడే గుడ్డ తొడిగి బిగించండి. చట్రాలు కోయడం, గుడ్డ బిగించడం అందరూ కలిసి చేయగల పని, ఫలితం అదే రోజు చెవికి తెలుస్తుంది. రాక్‌ఉల్ కోసేటప్పుడు మాత్రం చేతితొడుగులు, మాస్కు తప్పనిసరి. గుడ్ల అట్టలు అతికించడం వృథా శ్రమ. ఈ పలకలు మారుమోతను తగ్గిస్తాయే కాని బయటి రొదను ఆపవు. దానికి తలుపు, కిటికీల సందులు పూడ్చడమే మొదటి మార్గం.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. ఛార్జర్ తీయగానే శబ్దం పూర్తిగా ఆగిపోయింది. ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తొలగిస్తే సరిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా?

మొదటి సమాధానమిచ్చినవారు: దయచేసి ఎట్టి పరిస్థితిలోనూ అలా చేయకండి. పరికరం లోపల తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలితే, మైకు పట్టుకున్న మనిషికి షాక్ తగలకుండా కాపాడేది ఆ ఎర్త్ తీగే. శబ్దాన్ని ఆడియో కేబుల్ వైపున సరిచేయాలి, కరెంటు వైపున కాదు.

ట్రాన్స్‌మిటర్ విషయంలో కూడా ఇంతే జాగ్రత్త అవసరం. స్తంభం ఎక్కడం, పిడుగు రక్షణ, యాంటెన్నా ట్యూనింగ్ శిక్షణ పొందినవారికే వదిలివేయండి. యాంటెన్నా గాని, 50 ఓముల డమ్మీ లోడ్ (పరీక్షలో యాంటెన్నాకు బదులు ఆ శక్తిని వేడిగా మార్చుకునే పరికరం) గాని కలపకుండా ట్రాన్స్‌మిటర్‌ను ఆన్ చేస్తే, పంపిన శక్తి వెనక్కి మళ్లి దాని అవుట్‌పుట్ భాగాన్ని కాల్చివేయగలదు. అనుమతి పత్రం చేతికి రాకముందు పరీక్ష కోసమైనా ప్రసారం చేయరాదు.

ఈలోగా మీ బృందం చేయగలిగిన అతి విలువైన పని ఒకటి ఉంది. ప్రతి కేబుల్‌కు రెండు చివరలా ఒకే సంఖ్య గల లేబుల్ అతికించి, అది ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతుందో ఒక పుస్తకంలో రాసి మిక్సర్ పక్కనే ఉంచండి. ఛార్జర్ తీస్తే శబ్దం ఆగుతుందని ఈ రోజు మీరు కనిపెట్టిన సంగతిని కూడా తేదీ వేసి అందులో మొదటి పుటలో రాయండి. మీరు లేని పూట ప్రసారం మధ్యలో ఆ శబ్దం మళ్లీ వస్తే, అక్కడున్న కొత్త కార్యకర్త ముందుగా తెరిచేది ఆ పుస్తకాన్నే.